మూలపడ్డ పాత ట్రాక్టర్‌కి ఏ కవరు కొనాలి? వాటర్‌ప్రూఫ్‌ది మాత్రం వద్దు

తాతగారి ట్రాక్టర్ రేకుల షెడ్డులో ఉంది, నడపడం లేదు, పాడవకుండా ఎలాంటి కవరు కొనాలి అని అడిగారు. షెడ్డు నేల మట్టిదా, సిమెంటుదా మాత్రం చెప్పలేదు. నన్నడిగితే సగం జవాబు ఆ నేలలోనే ఉంది. మిగతా సగం ఇది: వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉన్న కవరు ఏదీ కొనకండి. కంపెనీ వాళ్లు ఏం చెప్పినా సరే.

మాది ఒడిశాలో గజపతి జిల్లా, పర్లాకిమిడి దగ్గర. మా బాబాయికి హెచ్ఎంటీ 2511 ట్రాక్టర్ ఉంది. చెకోస్లోవేకియా జెటర్ వాళ్ల సాయంతో 1971లో హర్యానాలోని పింజోర్‌లో మొదలుపెట్టిన బండి, పాతిక హార్స్‌పవర్. 1992లో గంజాం నుంచి మా జిల్లా విడిపోక ముందే కొన్నాడు కాబట్టి ప్లేటు మీద ఇప్పటికీ గంజాం నంబరే.

ఒక ఏడు వానలు మొదలవకముందే బాబాయి కాశీనగర్ బజారులో మందపాటి బరకం కొన్నాడు. "250 జీఎస్ఎం సార్, చుక్క దిగదు" అన్నాడట కొట్టువాడు. జీఎస్ఎం అంటే చదరపు మీటరుకి ఎన్ని గ్రాముల బరువో. నిజంగానే దిగలేదు. టైర్ల దాకా కప్పి, నైలాన్ తాడుతో బిగించి వదిలేశాడు. సెప్టెంబరు 17 విశ్వకర్మ పూజ. ఒడిశాలో ఆ రోజు సైకిల్ షాపు నుంచి పెద్ద ఫ్యాక్టరీ దాకా యంత్రానికి బొట్టు పెట్టనివాళ్లు ఉండరు. మేమూ బండి కడుగుదామని తాడు విప్పాం.

ముందు వాసన కొట్టింది, తడిసి మూలపడిన గోనెసంచి వాసన. బరకం లోపలివైపు నీటిబొట్లు వేలాడుతున్నాయి, లాగితే చేతుల మీద జల్లుగా పడ్డాయి. బానెట్ అంచున రంగు పొక్కి ఉంది. గోటితో గీకితే పెచ్చు ఊడి వచ్చింది, కింద ఎర్రటి తుప్పు. మీటరు అద్దం లోపల ఆవిరి పట్టింది. ఎయిర్ క్లీనర్ గొట్టంలో ఎలుక గూడు, అందులో మా పిన్ని చీర పీలికలు. పిన్ని బండి వంక చూడనే లేదు. ఆ పీలిక పట్టుకుని "నా చీర ఇక్కడికెలా వచ్చింది?" అని బాబాయిని నిలదీసింది.

పైనుంచి చుక్క పడలేదు, నీళ్లు కిందనుంచి వచ్చాయి. వానాకాలమంతా మట్టి నేల చెమ్మ వదులుతుంది. ఆ ఆవిరి ప్లాస్టిక్ దాటి బయటికి పోలేదు. రాత్రి ఇనుము చల్లబడగానే దాని మీదే నీరై కూర్చుంటుంది.

అందుకే వాన సంగతి రేకులు చూసుకుంటాయి, కవరు దుమ్మూ పావురాల రెట్టా ఆపితే చాలు. పాత నేత దుప్పట్లు రెండు కలిపి కుట్టించండి. అంచు నేలకి మూరెడు ఎత్తులో ఆగిపోవాలి, గాలి ఆడాలి. మట్టి నేలైతే ప్లాస్టిక్ షీటు బండి కింద పరవండి. బాబాయి కొన్న ఆ బరకం ఇప్పుడు అక్కడే ఉంది, దాని మీద చెక్కలు, చెక్కల మీద టైర్లు. ఆన్‌లైన్‌లో "అన్ని ట్రాక్టర్లకీ సరిపోతుంది" అని అమ్మే కవర్ల జోలికి అసలు పోకండి. సైలెన్సర్ బానెట్ మీద నిలువుగా ఉన్న బండికి అవి సరిగ్గా అక్కడే చిరుగుతాయి.

షెడ్డు లేనివాళ్లు వెదురు చట్రం కట్టి, దాని మీద బరకం వేసుకోవచ్చు, బండికి మాత్రం తగలకూడదు. తుఫాను హెచ్చరిక రాగానే విప్పేయండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి మా మీద పడ్డప్పుడు రేకులే ఎగిరిపోయాయి, బరకం ఎంత! తడిసిన బండి ఆరుతుంది. గాలికి కొట్టుకునే బరకం రంగు గీకేస్తుంది, లైట్లు పగలగొడుతుంది.

కవరు కన్నా ముఖ్యమైనవి ఎవరూ అడగరు. సైలెన్సర్ గొట్టం మీద డబ్బా బోర్లించండి. డీజిల్ ట్యాంకు నిండుగా ఉంచండి, ఖాళీ ఉంటే లోపల చెమ్మ పడుతుంది. బ్యాటరీ విప్పేయండి. క్లచ్ పెడల్ తొక్కి పట్టేలా కర్రముక్క ఆనించండి, లేకపోతే ప్లేటు అంటుకుపోతుంది. పక్కన ఎండుగడ్డి వేశారంటే ఎలుకల్ని మీరే పిలిచినట్టు.

"పాత ఇనుముకి అమ్మేయరాదూ" అనే చుట్టాలు మీకూ ఉండే ఉంటారు. మా ఇంట్లో ప్రతి పెళ్లికీ ఒకరు తగులుతారు. వాళ్ల ఇంట్లో మూలనున్న చెడిపోయిన ఏసీ గురించి మనం ఏమైనా అన్నామా? హెచ్ఎంటీ ట్రాక్టర్ల విభాగాన్ని మూసేయాలని కేంద్రం 2016లో నిర్ణయించింది. ఇప్పుడు బానెట్ తుప్పు తింటే కొత్తది షోరూములో దొరకదు, పాత ఇనుము కొట్లు తిరగాల్సిందే.

ఇంకొకటి, దర్జీకి కొలతలు నోటితో చెప్పకండి, బండి దగ్గరికే తీసుకెళ్లండి. మా దర్జీ పెళ్లి పందిరికి అనుకుని చుట్టూ జాలర్లు కుట్టుకొచ్చాడు.