నాలుగు రకాల బొక్కలు, ఒకటే మందా?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా. చెరువు కింద ఎకరం వరి, పైన ఎర్రచేలో మూడెకరాల బుడ్డలు (వేరుశనగ) వేసినాం. నిరుడు జింక్ ఫాస్ఫైడ్ పెడితే గట్ల మీద పెద్ద ఎలుకలు తగ్గినాయి. ఈ ఏడు వాటికంటే చిన్నవి కొన్ని దిగినాయి. బుడ్డల చేలో తోకకు కుచ్చు ఉండేవి వేరే. ఇన్ని రకాలు ఒకే పొలంలో ఎట్లా ఉంటాయి? అన్నిటికీ ఒకే మందు చాలునా?

జవాబు: అన్నదమ్ములు భాగాలు పంచుకున్నట్టే ఇవీ మీ పొలాన్ని పంచుకున్నాయి. సరిహద్దులు బొక్కలను చూస్తేనే తెలుస్తాయి కాబట్టి, మందు కొనే ముందు ఒకసారి గట్ల వెంట నడవండి.

బొక్క ముందు మట్టి కుప్పగా పోసి, మూతి మూసి ఉంటే అది చిన్న పందికొక్కు. (ఇంగ్లీషులో బాండికూట్ అనే మాట మన పందికొక్కు నుంచి వెళ్లిందే.) పావు కిలో దాకా తూగుతుంది, ఈత బాగా వచ్చు, తడి నేలంటే ఇష్టం. పిల్లల తల్లి తప్ప కలుగుకు ఒక్కటే ఉంటుంది. వెన్నులు కొరికి లోపలి అరల్లో దాచుకుంటుంది. కోస్తాలో యానాదులు కలుగులు తవ్వి వడ్లు తీసేది అందుకే. వరిలో మీ అసలు శత్రువు ఇదే.

మట్టి కుప్ప లేకుండా, నేల పగుళ్లలోనో రాళ్ల కుప్పల్లోనో కాపురం పెట్టేది మెత్తబొచ్చు ఎలుక. దానికి తవ్వే ఓపిక తక్కువ, ఎవరో తవ్వి వదిలేసిన కలుగు దొరికితే పండగే. నిరుడు మీరు పందికొక్కులను ఖాళీ చేయించారు. ఆ ఇళ్లలోకి ఇవి చేరి ఉండవచ్చు. గడ్డి, గింజలు, పురుగులు అన్నీ తింటుంది. గట్టు మీద రెండు వేళ్లు కూడా పట్టని బొక్క కనిపిస్తే అది చిట్టెలుక, పది గ్రాముల ప్రాణి. ఎక్కువగా కలుపు గింజలు, రాలిన వడ్లు, పురుగులు తింటుంది. దాని మీద మందు ఖర్చు దండగ, గట్టు చెక్కితే చాలు.

మీ చేలో తోక కుచ్చుది జెర్బిల్ ఎలుక. వెనక కాళ్లు పొడుగు, గెంతుతూ పోతుంది. తడి మడి జోలికి రాదు. బీడులో, కంప చెట్ల కింద పొడి నేలలో నాలుగైదు దారుల బొక్క చేసుకుంటుంది. వానాకాలం పురుగులు, తర్వాత గింజలు, ఎండాకాలం గడ్డి వేళ్లు తిని బతుకుతుంది. మీరు విత్తిన వారంలోనే సాళ్లలో గుంటలు తీసి విత్తనం తినేదీ, కాయ ఊరేటప్పుడు మళ్లీ వచ్చేదీ ఇదే. చేను చుట్టూ కంప తీసేస్తే సగం పని అయినట్టే.

ఇక మందు. జింక్ ఫాస్ఫైడ్ తిని చావకుండా బయటపడిన ఎలుక ఆ ఎరను మళ్లీ ముట్టదు. అందుకే రెండు రోజులు మందు కలపని ఎర అలవాటు చేసి, అదీ పంటకాలంలో ఒక్కసారే వాడమంటాం. మీకు బ్రోమోడయోలోన్ మేలు. 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు నూనె, 2 పాళ్లు 0.25 శాతం మందు; అంటే కిలో ఎరకు 960 గ్రాముల నూకలు, చెరి 20 గ్రాములు నూనె, మందు. సాయంత్రం బొక్కలన్నీ మూయండి. తెల్లారి తెరుచుకున్న వాటిలోనే 10–15 గ్రాముల పొట్లం లోపలికి తోయండి. ఎలుకలు వెంటనే చావవు, కొన్ని రోజులు పడుతుంది. మందు పని చేయలేదని తొందరపడి రెట్టింపు చేయకండి. వరి చిరుపొట్టకు (లోపల వెన్ను తయారయ్యే దశకు) రాకముందే పెట్టాలి. వెన్నులో పాలు పోసుకున్నాక మీ నూకలు ఎలుకకు రుచించవు.

మడిలో ఒక దుబ్బు చూడండి. పిలకలు కత్తితో ఏటవాలుగా కోసినట్టుంటే ఎలుక. మొవ్వ ఎండి, లాగితే ఊడివస్తే కాండం తొలిచే పురుగు. ఈ తేడా తెలియక పురుగుమందు కొట్టినవాళ్లను చాలామందిని చూశాను. పక్క మడివాళ్లు కూడా అదే వారంలో ఎర పెట్టకపోతే పదిహేను రోజుల్లో వాళ్ల పందికొక్కులు మీ గట్టెక్కుతాయి.

ఎర చేతి తొడుగులతో కలపండి, పిల్లలకు, కోళ్లకు అందనివ్వకండి. ఎవరైనా మింగితే మందు ప్యాకెట్టు వెంట తీసుకుని ఆసుపత్రికి పరుగెత్తండి. కలుగు తవ్వేటప్పుడు లోపల చెయ్యి పెట్టకండి. ఎలుక వదిలిన ఇంట్లో పాము ఉండవచ్చు.