చార్మినార్ ఆర్కిటిక్‌లో ఎందుకు తేలింది?

ప్రశ్న: మా అమ్మాయి దగ్గరున్న పుస్తకంలో చార్మినార్ 17°21′42″ ఉత్తర అక్షాంశం, 78°28′29″ తూర్పు రేఖాంశం వద్ద ఉన్నట్టు రాశారు. ఫోన్‌లోని మ్యాప్ మాత్రం 17.3616, 78.4747 అంటోంది. పుస్తకంలోని అంకెలను 17.2142, 78.2829 అని కొట్టి చూస్తే ఊరి బయట ఎక్కడో తేలింది. ఫోన్ చూపిన అంకెలనే ముందువెనుకలుగా కొడితే మంచుకొండలు కనిపించాయి. ఏది నమ్మాలి?
— ఒక పాఠకురాలు, నల్లగొండ

జవాబు: పుస్తకమూ, ఫోనూ చెబుతున్నది ఒకే చోటు. డిగ్రీకి 60 నిమిషాలు, నిమిషానికి 60 సెకన్లు కాబట్టి 21ని 60తో, 42ను 3600తో భాగించి, వచ్చిన రెండింటినీ 17కు కలిపితే 17.3616 వస్తుంది, రేఖాంశానికీ ఇదే లెక్క. మీరు భాగహారం చేయకుండా నిమిషాలను, సెకన్లను నేరుగా దశాంశ బిందువు పక్కన పెట్టారు. అందువల్ల చార్మినార్ దక్షిణానికి దాదాపు 16 కిలోమీటర్లు, పడమరకు 20 కిలోమీటర్లు జరిగి, నైరుతి దిశలో 26 కిలోమీటర్ల దూరాన తేలింది. పెద్ద చదువులు చదివినవారు కూడా తరచుగా చేసే పొరపాటే ఇది.

ఇక మంచుకొండల సంగతి. మ్యాపులలో అక్షాంశాన్ని ముందు, రేఖాంశాన్ని తరువాత చెప్పడం రివాజు. మీరు తారుమారు చేసిన అంకెలను మ్యాప్ 78.47 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 17.36 డిగ్రీల తూర్పు రేఖాంశంగా చదువుకుంది. ఆ చోటు ఆర్కిటిక్ మహాసముద్రంలో, నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవులలో ఉంది. మ్యాపుల సమాచారం దాచడానికి కంప్యూటర్ వారు వాడే జియోజేసన్ వంటి కొన్ని రకాల ఫైళ్లలో రేఖాంశమే ముందు వస్తుంది కనుక, అంకెలు ఎవరికైనా పంపేటప్పుడు పక్కనే ‘ఉ’, ‘తూ’ అని రాయడం మంచిదని నా అభిప్రాయం.

మరో మాట. అక్షాంశంలో నాలుగో దశాంశ స్థానం నేల మీద దాదాపు 11 మీటర్లకు, ఆరో స్థానం 11 సెంటీమీటర్లకు సమానం. ఆరుబయట కూడా మామూలు ఫోన్‌కు కొన్ని మీటర్ల తేడా తప్పదు కాబట్టి, అది చూపే ఆరు స్థానాలను చూసి పొలం గట్టు తగాదా తీర్చుకోబోవడం వృథా ప్రయాస.

ప్రశ్న: భారత ప్రామాణిక కాలరేఖ కాకినాడ మీదుగా పోతుందంటారు. నిజమేనా?
— ఒక విద్యార్థి, సామర్లకోట

జవాబు: నగరం మీదుగా కాదు. కాకినాడ దాదాపు 82°14′ తూర్పు రేఖాంశం మీద ఉండగా, మన దేశపు గడియారాల సమయానికి ఆధారమైన కాలరేఖ 82°30′ మీద, అంటే అక్కడికి ఇంచుమించు 28 కిలోమీటర్ల తూర్పున, సముద్రంలో పోతుంది. తీరం ఈశాన్యానికి వంపు తిరగడం వల్ల అది మరికొంత ఉత్తరాన ఒడ్డెక్కి, అన్నవరం, తునిల మధ్యగా సాగి, ఉత్తరప్రదేశ్‌లోని మీర్జాపూర్ వైపు వెళుతుంది. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది కాబట్టి, ఆ రేఖ మీద సూర్యుడు మిట్టమధ్యాహ్నపు స్థానానికి వచ్చిన 64 సెకన్లకు కాకినాడలోనూ, సుమారు 16 నిమిషాలకు హైదరాబాదులోనూ ఆ స్థానానికి వస్తాడు.