అప్పీలుకు ముందు క్లెయిమ్ దిద్దుకో

అమ్మలూ,

ఇంజిన్‌లో దహన స్థితిని కనిపెట్టే నీ పద్ధతికి పేటెంటు ఇవ్వనంటూ అమెరికా పేటెంట్ ఆఫీసు ఇచ్చిన ఫైనల్ రిజెక్షన్, నువ్వు పంపింది, రెండుసార్లు చదివాను. ఏళ్ల తరబడి టెస్ట్ బెడ్ దగ్గర నిలబడి తెచ్చిన పద్ధతిని ‘ఎవరికైనా తట్టేదే’ అంటే కడుపు మండుతుంది. కానీ ఆ మంటలో అప్పీలు రాయకు.

ఎగ్జామినర్ రెండు పాత పేటెంట్లు తీశాడు. ఒకటి సిలిండర్ ప్రెజర్ సెన్సార్‌ది, రెండోది స్పార్క్ ప్లగ్‌నే సెన్సార్‌గా వాడి అయాన్ కరెంటుతో (మండే వాయువులో పారే సన్నని కరెంటు) నాకింగ్, అంటే ఇంధనం అదుపు తప్పి మండడం, పట్టేది. రెండూ కలిపితే నీదే అన్నాడు. నువ్వేమో ఒక్కోదానిలో ఏం లేదో విడివిడిగా జవాబు రాశావు. కలిపి చూసేవాడికి అది జవాబు కాదు. 2007లో కేఎస్ఆర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, సర్దుకునే యాక్సిలరేటర్ పెడల్‌కు ఎలక్ట్రానిక్ సెన్సార్ తగిలించడం ఈ రంగంవాళ్లకు తట్టేదేనని తేల్చింది. అయాన్ కరెంటు కూడా కొత్తదని వాదించకు, సాబ్ కార్లలో 1990ల్లోనే ఉంది.

నీ బలం వేరేచోట ఉంది. సిలిండర్‌లో ప్రెజర్ ఎప్పుడు గరిష్ఠమో చెప్పేది అయాన్ సిగ్నల్‌లోని రెండో శిఖరం. లోడు తగ్గితే అది సన్నబడి కనిపించకుండా పోతుంది. అందుకే తక్కువ లోడులో దాన్ని నమ్ముకోవడానికి ఇంజిన్లు తెలిసినవాడు వెనకాడతాడు. అక్కడే నీ పద్ధతి పనిచేస్తోంది. మరి ఆ సంగతి నీ మొదటి క్లెయిమ్‌లో, అంటే దేనిమీద హక్కు కావాలో చెప్పే వాక్యంలో, ఏదమ్మా? ‘దహన స్థితిని నిర్ణయించడం’ అని రాశావు. అంత వెడల్పు మాటలో ఆ రెండు పేటెంట్లూ హాయిగా ఇమిడిపోతాయి.

అందుకని ముందు ఆర్‌సీఈ, అంటే పరిశీలన కొనసాగించమని అడిగే దరఖాస్తు, వెయ్యి. ఫీజు కొంచెం బరువే, అయినా వెయ్యి. తక్కువ లోడు సంగతి క్లెయిమ్‌లోకి తెచ్చి, టెస్ట్ లెక్కలు డిక్లరేషన్‌గా (సంతకం చేసిన వాంగ్మూలంగా) జత చెయ్యి. లాయరు వాదన సాక్ష్యం కాదు, అప్పీలు వేశాక కొత్త సాక్ష్యం లోపలికి రావడం చాలా కష్టం. నా మొదటి అప్పీలులో మంచి గ్రాఫులన్నీ నా బల్ల సొరుగులోనే ఉండిపోయాయి. ‘ఇది రికార్డులో ఎక్కడుంది?’ అని జడ్జి అడిగితే నోట మాట రాలేదు. ఆ రోజు ఇప్పటికీ గుర్తొస్తుంది.

మళ్లీ తిరస్కరిస్తే అప్పుడు అప్పీలుకు వెళ్దాం. అప్పీలు నోటీసు వేసిన రెండు నెలల్లో బ్రీఫ్, అంటే రాతపూర్వక వాదన, వెళ్లాలి. అందులో లేని వాదన తర్వాత వినరు. ఆ రెండు పేటెంట్లూ కలపడానికి ఎగ్జామినర్ చెప్పిన కారణం తప్పని చూపడం మీదే నీ బలమంతా పెట్టు.

రిజెక్షన్ తేదీ నుంచి మూడు నెలలు దాటితే ఎక్స్‌టెన్షన్ ఫీజు పడుతుంది. ఆరు నెలలు దాటితే అప్లికేషనే పోతుంది. దిద్దిన క్లెయిమ్ ఆదివారంలోగా పంపు, చూస్తాను.

మీ బాబాయి