పెద్దవాళ్ళు, పిల్లలతో పారిస్ వెళ్తే ఏ ఏరియాలో దిగాలి?

మీరిద్దరూ, అమ్మానాన్నలు, తొమ్మిదేళ్ళ బాబు, అయిదేళ్ళ పాప కలిసి మే నెలాఖరులో అయిదు రాత్రులు పారిస్‌లో ఉంటామన్నారు. అమ్మగారికి మోకాళ్ళ నొప్పులు. ఒకరోజు డిస్నీలాండ్. ఈఫిల్ టవర్ కనిపించే హోటల్ తీసుకోవాలా, ఇండియన్ భోజన హోటళ్ళున్న గార్ దు నోర్ స్టేషన్ వైపు ఉండాలా, ఊరి బయట చవగ్గా చూసుకోవాలా అని అడిగారు.

నన్నడిగితే ఈ మూడూ వద్దు. గార్ ద లియోన్ స్టేషన్ నుంచి బెర్సీ వరకు ఉన్న ఏరియాలో అపార్ట్‌మెంట్ హోటల్ చూడండి. అంటే చిన్న వంటిల్లు, కింద రిసెప్షన్ రెండూ ఉండేవి. మేం అత్తయ్య, మామయ్య, పిల్లలతో వెళ్ళినప్పుడు అక్కడే దిగాం. టవర్ కిటికీలోంచి కనిపించదు, పక్కవాళ్ళ బాల్కనీలే కనిపిస్తాయి. అయినా మళ్ళీ వెళ్తే అక్కడే దిగుతాను.

కారణం మెట్లు. పారిస్ మెట్రో 1900లో మొదలైంది. పాత లైన్లలో చాలా స్టేషన్లకు లిఫ్టుల్లేవు. ఎస్కలేటర్ ఉందిలే అనుకుంటే దానికి ముందో వెనకో ఓ ఇరవై మెట్లు తగులుతాయి. లైన్ మారాలంటే కారిడార్‌లో చాలా దూరం నడవాలి, మధ్యలో మళ్ళీ మెట్లు. రోజంతా తిరిగొచ్చిన మోకాళ్ళకి అదే అసలు పరీక్ష. 1998లో మొదలైన 14వ లైన్‌లో మాత్రం ప్రతి స్టేషన్‌కీ లిఫ్ట్ ఉంది. అది బెర్సీ, గార్ ద లియోన్ మీదుగా షాత్లే, పిరమీడ్, మాద్లేన్ వైపు వెళ్తుంది. పిరమీడ్‌లో దిగితే లూవ్ర్ మ్యూజియం పది నిమిషాల నడక. 2024 నుంచి ఈ లైన్ ఓర్లీ ఎయిర్‌పోర్ట్ దాకా కూడా వెళ్తోంది. అయితే మనవాళ్ళు గల్ఫ్ మీదుగా వచ్చే ఫ్లైట్లు సాధారణంగా షార్ల్ ద గోల్ ఎయిర్‌పోర్ట్‌లో దిగుతాయి కాబట్టి అది మీకు పెద్దగా పనికిరాకపోవచ్చు.

రెండో కారణం డిస్నీ. గార్ ద లియోన్‌లో ఆర్‌ఈఆర్ 'ఎ' (ఊళ్ళోంచి శివార్లకి వెళ్ళే లైన్) రైలెక్కితే మారే పని లేకుండా సుమారు నలభై నిమిషాల్లో పార్కు గేటు పక్కనే దించుతుంది. ఎక్కేముందు బోర్డు మీద మార్న్ లా వాలే షెస్సీ అని ఉందో లేదో చూసుకోండి, ఆ లైన్ తూర్పు వైపు రెండుగా చీలిపోతుంది. రాత్రి లైట్ షో అయ్యాక పాప ఎలాగూ మీ భుజం మీదే నిద్రపోతుంది. అప్పుడు ఒకే రైల్లో కూర్చుని వచ్చేయడం ఎంత హాయో అనుభవిస్తే తెలుస్తుంది. డిస్నీ దగ్గర ఒక రాత్రి, పారిస్‌లో మిగతావి అని కొందరు సలహా ఇస్తారు. ఆరుగురి సూట్‌కేసులు మళ్ళీ సర్ది మళ్ళీ విప్పే ఓపిక ఉంటే అలాగే చేయండి. నాకైతే లేదు.

ఇక ఈఫిల్ టవర్ అంటారా, బెర్సీ నుంచి 6వ లైన్ నేరుగా బిర్ ఆకెమ్ వెళ్తుంది. ఆ లైన్ చాలా దూరం వంతెన మీద నడుస్తుంది కాబట్టి పిల్లలకి రైడ్ ఎక్కినట్టే ఉంటుంది. దిగాక అక్కడ మెట్లు తప్పవు, ఆ పూటకి అమ్మగారిని నెమ్మదిగా దింపండి. తిరిగొచ్చే ముందు సరదాగా ఒక్క స్టేషన్ ముందుకి, పాస్సీ దాకా వెళ్ళండి. సెన్ నది దాటేటప్పుడు కుడివైపు టవర్ మొత్తం కనిపిస్తుంది. మా మామయ్య టవర్ కింద నిలబడ్డప్పుడు కూడా అంత ముచ్చట పడలేదు.

టవర్ పక్కనున్న 7వ డివిజన్ బాగుంటుంది, ప్రశాంతం కూడా. కానీ ఆ డబ్బుతో గది చిన్నదైపోతుంది. టవర్ దగ్గరే ఉండాలని ఇంట్లో పట్టుబడితే 15వ డివిజన్‌లో, లా మోత్ పికే, ర్యూ ద్యు కొమెర్స్ చుట్టుపక్కల చూడండి. మామూలు కుటుంబాలుండే ఏరియా. కూరగాయలు, బేకరీ, మందుల షాపు అన్నీ కిందే.

గార్ దు నోర్, లా షాపెల్ వైపు శ్రీలంక తమిళుల కొట్లు చాలా ఉన్నాయి. బియ్యం, కందిపప్పు, కరివేపాకు, పచ్చిమిర్చి అన్నీ దొరుకుతాయి, వేడి వేడి దోశ కూడా. వినాయకుడి గుడి ఉంది, అమ్మానాన్నలకి నచ్చుతుంది. ఒక సాయంత్రం వెళ్ళి, తిని, సరుకులు కొనుక్కుని వచ్చేయండి. రాత్రి పొద్దుపోయాక సూట్‌కేసులు, పిల్లలతో ఆ స్టేషన్ బయట నిలబడటం మాత్రం టెన్షనే. జేబుదొంగల బెడద కూడా ఎక్కువ.

ఊరి బయట హోటళ్ళకి ఒక చిట్కా. అడ్రస్‌లో పిన్‌కోడ్ చూడండి. 75తో మొదలైతేనే అసలు పారిస్, చివరి రెండంకెలు డివిజన్ నంబర్. 75012 అంటే 12వ డివిజన్. 'పారిస్' అని పేరు పెట్టుకుని 95700 అని ఉంటే అది ఎయిర్‌పోర్ట్ పక్కనున్న రువాసీ. చవక అనిపించిన డబ్బు రానుపోను టికెట్లకే పోతుంది. ఊరి బయటే కావాలంటే లా దెఫాన్స్ ఒక్కటి పరవాలేదు. ఆఫీసుల ఏరియా కాబట్టి శని, ఆదివారాల్లో రేట్లు తగ్గుతుంటాయి, 1వ లైన్, ఆర్‌ఈఆర్ 'ఎ' రెండూ ఉన్నాయి.

ఇప్పుడు గది సంగతి. యూరప్‌లో నలుగురు పట్టే గది దొరకడం కష్టం, 'పిల్లల్ని మా మంచం మీదే పడుకోబెట్టుకుంటాం' అంటే ఒప్పుకోరు. పిల్లల వయసులతో సహా ఆరుగురినీ పెట్టి వెతకండి. ఒకే అంతస్తులో పక్కపక్కన రెండు యూనిట్లు ఇమ్మని మెయిల్‌లో అడగండి. పెద్దవాళ్ళకి ఇచ్చే దాంట్లో బాత్‌టబ్ కాకుండా నేలకి సమంగా ఉండే షవర్ కావాలని గట్టిగా రాయండి. అక్కడి టబ్బుల గోడ మోకాలి ఎత్తు దాటి ఉంటుంది, పట్టుకోవడానికి పక్కన అద్దం ముక్క తప్ప ఏమీ ఉండదు. అత్తయ్య మొదటి రోజు ఆ టబ్ చూసి 'నేను బకెట్ స్నానమే చేస్తాను' అని తేల్చేశారు, పాపం అక్కడ బకెట్ కూడా లేదు. రిసెప్షన్‌లో అడిగితే గది మార్చారు. హెల్త్ ఫాసెట్ ఎక్కడా ఉండదు, ఒక ప్లాస్టిక్ మగ్ పెట్టుకోండి.

రిసెప్షన్ లేని అద్దె ఫ్లాట్లు చవగ్గా కనిపిస్తాయి. మా ఆడపడుచు వాళ్ళు అలాంటిదే తీసుకున్నారు. 'లిఫ్ట్ ఉంది' అని రాసి ఉంది, నిజమే. కానీ అది అర అంతస్తు మెట్లెక్కాక మొదలవుతుంది, లోపల బీరువాలో నిలబడ్డట్టే. ఒక మనిషి, ఒక పెట్టె. పైగా ఫ్లైట్ పొద్దున్నే దిగితే మధ్యాహ్నం మూడింటిదాకా సామాన్లు పెట్టుకునే చోటు లేదు.

వంట చేసే ఉద్దేశం ఉంటే, స్టవ్‌లు ఎక్కువగా ఇండక్షన్ కాబట్టి అల్యూమినియం కుక్కర్ మోసుకెళ్ళి లాభం లేదు. అడుగు ఇండక్షన్‌కి పనికొచ్చే చిన్న స్టీల్ కుక్కర్ తీసుకెళ్ళండి. పోపు పెట్టేటప్పుడు కిటికీ తీయండి, ఎండుమిర్చి ఘాటుకి మా గదిలో స్మోక్ అలారం మోగి కింది నుంచి కుర్రాడు పరిగెత్తుకొచ్చాడు. ఆవకాయకి అడ్డు లేదు గానీ నెయ్యి, కోవా లాంటి పాల పదార్థాలు బయటి దేశాల నుంచి యూరప్‌లోకి తీసుకురానివ్వరు. పెరుగు అక్కడ ఏ సూపర్‌మార్కెట్‌లోనైనా దొరుకుతుంది. మే నెలలో ఏసీ లేకపోయినా గడిచిపోవచ్చు, ట్రిప్ జూన్ చివరికి జరిగితే మాత్రం ఏసీ ఉందో లేదో చూసే బుక్ చేయండి. 2019 జూలైలో పారిస్‌లో 42.6 డిగ్రీలు నమోదయ్యాయి.

ఎయిర్‌పోర్ట్ నుంచి ట్యాక్సీయే నయం. సెన్ నదికి కుడి ఒడ్డుకి 2025లో ఫిక్స్‌డ్ రేటు 56 యూరోలు, బెర్సీ ఆ ఒడ్డునే. అదే ఏడాది రైల్లో పెద్దవాళ్ళు నలుగురికే తలా 13 చొప్పున 52 అయ్యేది. మామూలు ట్యాక్సీలో నలుగురే పడతారు కాబట్టి, క్యూలో ఉన్న స్టాఫ్‌ని పెద్ద బండి అడగండి, కొంచెం అదనం పడుతుంది.

వీసాకి బస రుజువు చూపించాలి కాబట్టి ఇప్పుడే ఉచిత క్యాన్సిలేషన్ ఉన్నది బుక్ చేసేయండి. బుకింగ్ మీ ఒక్కరి పేరు మీదే వస్తుంది. ఆరుగురి పేర్లూ పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే రాసి కన్ఫర్మేషన్ పంపమని హోటల్‌కి మెయిల్ పెట్టండి. మాకు రెండు రోజుల్లో పంపించారు.