రాబర్ట్ లారిమర్ ఎవరు? ఎడిన్‌బరాలో ఉన్నవాళ్ళు ఆయన కట్టడాల్లో ఏవి చూడాలి, ఎలా చూడాలి?

ఎడిన్‌బరాలో ఆర్కిటెక్చర్ చదువుతున్నానని, క్లాసులో గ్లాస్గో ఆర్కిటెక్ట్ మాకింటాష్ పేరు తప్ప లారిమర్ పేరు వినపడలేదని, అసలు ఆయన ఏం చేశాడని అడిగారు. నేను పాత కట్టడాల మరమ్మతు పనిలో ఉన్నవాణ్ణి. అందుకని గోడలూ పైకప్పుల గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఓపిక పట్టండి.

లారిమర్ స్కాట్లాండ్ ఆర్కిటెక్ట్, కానీ కొత్త శైలి ఏదీ కనిపెట్టలేదు. పాఠ్యపుస్తకాల్లో ఆయనకు చోటు తక్కువ దొరకడానికి కారణం అదే. మాకింటాష్ కుర్చీని ఫొటో తీసి పుస్తకంలో వేస్తే విద్యార్థికి విషయం తెలిసిపోతుంది. లారిమర్ పని అలా ఫొటోకు దొరకదు. గోడ గరుకు, కిటికీ గూటి లోతు, ఇనుప గొళ్ళెం చేతికి అమరే తీరు, ఇవన్నీ దగ్గరికి వెళ్ళి చూడాల్సినవి. ఢిల్లీలో నిజాం కోసం హైదరాబాద్ హౌస్ కట్టిన లుటియెన్స్ పేరు మీకు తెలిసే ఉంటుంది. ఆయన సమకాలికుడైన లారిమర్‌ను చాలామంది ‘స్కాట్లాండ్ లుటియెన్స్’ అంటారు. ఆ పోలిక కొంతవరకే సరి. లుటియెన్స్‌కు లెక్కలూ చమత్కారమూ ఇష్టం, లారిమర్‌కు పనివాడి చేయి ఇష్టం.

1864 నవంబరు 4న ఎడిన్‌బరాలో పుట్టాడు. తండ్రి జేమ్స్ అక్కడి విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్ర ప్రొఫెసర్, అన్న జాన్ హెన్రీ చిత్రకారుడు. 1878లో ఆ కుటుంబం ఎడిన్‌బరాకు ఉత్తరాన ఉన్న ఫైఫ్‌లో పిట్టెన్‌వీమ్‌కు దగ్గర్లో ఉన్న కెల్లీ క్యాజిల్ అనే పాడుబడ్డ కోటను లీజుకు తీసుకుని బాగు చేసుకుంది. కాకులూ గుడ్లగూబల చేతిలోంచి ఈ ఇంటిని లాక్కున్నాం అనే అర్థం వచ్చే లాటిన్ వాక్యం ఇప్పటికీ ఆ గుమ్మం పైన ఉంది. పదమూడు పద్నాలుగేళ్ళ పిల్లాడు పాత ఇంటిని పడగొట్టకుండా నిలబెట్టడం ఎలాగో కళ్ళారా చూశాడు. నా దృష్టిలో ఆయన అసలు చదువు అదే. విశ్వవిద్యాలయంలో చేరినా డిగ్రీ పూర్తి చేయలేదు.

1885లో ఎడిన్‌బరాలో వార్డ్‌రాప్, ఆండర్సన్‌ల ఆఫీసులో శిష్యుడిగా చేరి, ఆ తర్వాత లండన్‌లో చర్చిల పనికి పేరుపడ్డ బోడ్లీ దగ్గర పనిచేశాడు. ఒకే గదిలో రాయి, చెక్క, గాజు, రంగు అన్నీ ఒకే మనసుతో ఉండాలన్న పట్టుదల ఆయనకు బోడ్లీ దగ్గరే అబ్బింది.

సొంతంగా చేసిన మొదటి పెద్ద పని లూకర్స్ దగ్గరి ఎర్ల్‌షాల్ కోట. 16వ శతాబ్దపు కట్టడం, 1890ల్లో బాగు చేశాడు. అప్పటి ఫ్యాషన్ వేరు. పాత కోట కనిపిస్తే పై గచ్చు చెక్కేసి రాళ్ళు బయటపెట్టడం, లేని బురుజులు తగిలించడం మామూలు. లారిమర్ ఆ రెండూ చేయలేదు. పైఅంతస్తు గ్యాలరీలో 17వ శతాబ్దపు రంగుల సీలింగును కాపాడాడు. ఎత్తు గోడల మధ్య తోట వేసి అందులో యూ అనే సతతహరిత చెట్లను చదరంగం పావుల్లా కత్తిరింపించాడు. తోటలో పనిముట్లు పెట్టుకునే కొట్టు కప్పు మీద రాతి కోతులను కూర్చోబెట్టాడు. అక్కడ ఆయనకు ఇంత స్వేచ్ఛ దొరికింది కాబట్టే తర్వాతి ఇళ్ళన్నిట్లో ఇల్లు, తోట ఒకే ప్లానులో వస్తాయి.

అదే దశకంలో ఎడిన్‌బరా శివారు కాలింటన్‌లో చిన్న ఇళ్ళు కట్టాడు. మీరు మొదట వెళ్ళాల్సింది అక్కడికే. ఇళ్ళు ప్రైవేటువి కాబట్టి రోడ్డు మీంచే చూడండి. చూరు బాగా కిందికి దిగుతుంది, కప్పు పెద్దది, గోడలు హార్లింగ్ చేసినవి.

హార్లింగ్ గురించి వివరంగా చెప్పాలి. స్కాట్లాండ్‌లో పాత గోడలు ఎక్కువగా సక్రమమైన ఆకారం లేని రాళ్ళతో కట్టిన కట్టుబడి. పశ్చిమ గాలితో వాన గోడకు అడ్డంగా కొడుతుంది. దాన్ని ఆపడానికి సున్నం, ముతక ఇసుక, 6 నుంచి 10 మి.మీ. గులకరాళ్ళు కలిపిన మాలును గోడకు తాపీతో విసిరి కొడతారు. మన దగ్గర గానుగ సున్నంతో పనిచేసిన పాత మేస్త్రీలు ఎవరైనా ఉంటే వాళ్ళకు ఈ పని వెంటనే అర్థమవుతుంది. ముందు రాళ్ళ మధ్య దర్జుల్లో వదులైన మాలు తీసేసి, పెద్ద సందుల్లో చిన్న రాతి చెక్కలు బిగించి సున్నంతో నింపాలి. గోడను తడపాలి, కానీ నీరు కారేంతగా కాదు. ఒక పాలు సున్నానికి రెండున్నర నుంచి మూడు పాళ్ళ ఇసుక, గులక. పూత ఒక్కొక్కటి 10 మి.మీ.కు మించకుండా రెండు పూతలు. విసిరిన మాలు దెబ్బకు లోపలి గాలి బయటికి పోయి రాయిని గట్టిగా పట్టుకుంటుంది. గరుకు ఉపరితలం వల్ల ఆరే వైశాల్యం కూడా పెరుగుతుంది. తర్వాత కొన్ని రోజులు తడి గోనె పట్టా కప్పి ఉంచాలి. 5 డిగ్రీల కంటే చలి ఉన్నప్పుడు ఈ పని పెట్టుకోకూడదు కాబట్టి ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకానే సీజను. ఆఖర్న నాలుగైదు పూతల పల్చటి వెల్ల.

చెడిపోయేది ఎక్కడంటే, 20వ శతాబ్దంలో చాలా పాత ఇళ్ళకు సిమెంటు మాలుతో మరమ్మతు చేశారు. సున్నం గోడ ఎండకూ చలికీ కొద్దిగా కదులుతుంది. సిమెంటు కదలదు, సన్నగా పగులుతుంది. ఆ పగుళ్ళలోంచి వాన లోపలికి వెళ్తుంది, బయటికి రాలేదు. రెండు మూడు చలికాలాలు గడిచేసరికి లోపలి ప్లాస్టరు ఉబ్బడం, కిటికీ పైన చెక్క దూలాలు కుళ్ళడం, గోడలో దిగిన వాసాల కొనలు మెత్తబడడం మొదలవుతాయి. తీసేద్దామంటే సిమెంటుతో పాటు రాయి ముఖం కూడా ఊడొస్తుంది. ఏ ఇంటి దగ్గరైనా హార్లింగ్ నున్నగా, బూడిద రంగులో, వెంట్రుక మందం పగుళ్ళతో కనిపిస్తే అది తర్వాత ఎవరో చేసిన మరమ్మతు అయి ఉండొచ్చు. ఆ తప్పును మూల ఆర్కిటెక్ట్ మీద వేయకండి.

కప్పు కూడా చూడండి. స్కాటిష్ పలకరాళ్ళను వెడల్పు ఒకేలా లేకుండా, చూరు దగ్గర పెద్దవి, పైకి పోయేకొద్దీ చిన్నవి వచ్చేలా పరుస్తారు. అందుకే కప్పు అసలు కంటే ఎత్తుగా కనిపిస్తుంది. మరమ్మతులో ఒకే సైజు దిగుమతి పలకలు వేస్తే ఆ కప్పు చప్పగా అయిపోతుంది.

1900 తర్వాత పెద్ద ఇళ్ళు వచ్చాయి. ఎయిర్‌షైర్‌లో రోవాలన్‌కు చాలా పెద్ద ప్లాను గీశాడు. యజమాని భార్య 1902లో చనిపోవడంతో దాన్ని బాగా కుదించి కట్టారు. లాక్ ఫైన్ అనే సముద్రపు పాయ ఒడ్డున ఆర్డ్‌కింగ్‌లాస్ 1907లో పూర్తయింది. యజమాని సర్ ఆండ్రూ నోబుల్, ఫిరంగులు తయారుచేసే ఆర్మ్‌స్ట్రాంగ్ విట్‌వర్త్ కంపెనీ అధిపతి. అప్పటికే డెబ్భై దాటిన మనిషి కాబట్టి తొందర ఎక్కువ, రెండేళ్ళ లోపే ఇల్లు లేచింది. మొదటి నుంచే కరెంటు ఉంది. ముఖ్యమైన గదులన్నీ మొదటి అంతస్తులో పెట్టాడు. పాత స్కాటిష్ బురుజు ఇళ్ళలో హాలు ఉండేది అక్కడే, పైగా లాక్ ఫైన్ చూపు అక్కడి నుంచే దొరుకుతుంది. ‘సెలూన్’ అనే పెద్ద అతిథుల గదిలో నిప్పుగూటి పైన ఒకే గ్రానైటు దిమ్మ ఉంది, బరువు సుమారు 5 టన్నులు. ఆయన ఇళ్ళలో ఒక్కటే ఎంచుకోమంటే నేను దీన్నే ఎంచుకుంటాను.

ఫైఫ్‌లోని హిల్ ఆఫ్ టార్విట్ 1906 నాటిది. ఫ్రెడరిక్ షార్ప్‌ది డండీలో జనపనార వ్యాపారంతో ఎదిగిన కుటుంబం. ఆ నార బెంగాల్ నుంచి ఓడల్లో వచ్చేది, ఆ డబ్బుతోనే ఈ ఫ్రెంచి ఫర్నిచరూ ఫ్లెమిష్ తెరలూ చైనా పింగాణీ కొన్నారు. ఇక్కడ లారిమర్ పని తలకిందులుగా నడిచింది. వస్తువులు ముందే ఉన్నాయి, వాటికి తగ్గట్టు గదులు కట్టాలి. హాలులో ఓక్ చెక్క, డ్రాయింగ్ రూములో ఫ్రెంచి పద్ధతి. గది నుంచి గదికి శైలి మారుతుంటే అతుకు తెలియకుండా తలుపుల దగ్గర ఎలా సర్దాడో గమనించండి. ఫార్మకిన్ అనే ఇంటి కథ వేరు. యజమాని హోమ్స్ డబ్బు చాలక ఇల్లు గోడలూ కప్పూ వరకే వచ్చి ఆగిపోయింది. గేటు దగ్గరి కట్టడం మీద 1694 అని చెక్కించి పక్కన ‘డి.ఎల్.’ అని పెట్టారు. ‘పచ్చి అబద్ధం’ అనే ఇంగ్లీషు మాటకు పొడి అక్షరాలవి.

ఈ ఇళ్ళన్నిట్లో మళ్ళీ మళ్ళీ కనిపించేది పనివాళ్ళ జట్టు. చెక్కపనికి స్కాట్ మోర్టన్, ఫర్నిచరుకు విటాక్ అండ్ రీడ్, చెక్క శిల్పానికి క్లో సోదరులు, ఇనుముకు థామస్ హాడెన్, సీలింగు ప్లాస్టరుకు సామ్ విల్సన్, థామస్ బీటీ. ఏళ్ళ తరబడి అదే జట్టుతో పని కాబట్టి ఎవరి చేతికి ఏది వస్తుందో లారిమర్‌కు తెలుసు. సీలింగు మీద ద్రాక్ష తీగ కనిపిస్తే ఆకులను ఒకదానితో ఒకటి పోల్చండి. అచ్చులో పోసినదైతే ప్రతి మూడో నాలుగో ఆకు అదే. చేత్తో మలచినదైతే ఏ రెండూ కలవవు.

ఆ జట్టంతా ఒకేచోట కనిపించేది మీ ఊళ్ళోనే. సెయింట్ జైల్స్ చర్చి మూలన ఉన్న థిజిల్ చాపెల్ 1909లో మొదలై 1911లో తెరుచుకుంది, ఆ ఏడే ఆయనకు సర్ బిరుదు వచ్చింది. పొడవు సుమారు 11 మీటర్లు, వెడల్పు అందులో సగం. థిజిల్ అనే స్కాటిష్ గౌరవ బృందంలోని పదహారు మంది నైట్‌ల ఆసనాలు, వాటి మీద గోపురాల్లాంటి చెక్క పందిళ్ళు, పైన రాతి కప్పు. బ్యాగ్‌పైప్ ఊదే దేవదూతను వెతికి పట్టుకోండి. నిలబడి చూస్తే సగమే తెలుస్తుంది, ఆసనాల చేతుల ఎత్తుకు వంగి చూడండి.

1909 బడ్జెట్టుతో భూస్వాముల మీద పన్నులు పెరిగాయి, 1914లో యుద్ధం వచ్చింది, వారసులు చనిపోయారు. అంత పెద్ద ఇళ్ళు కట్టించే మనుషులే తగ్గిపోయారు. 1915లో అగ్నిప్రమాదం జరిగిన డన్‌రాబిన్ కోటను బాగు చేయడం లాంటి పనులు నడిచాయి. యుద్ధ సమాధుల కమిషన్‌కు ప్రధాన ఆర్కిటెక్టుల్లో ఒకడిగా ఇటలీ, మాసిడోనియా, ఈజిప్టుల్లో శ్మశానాలు రూపొందించాడు. పోర్ట్స్‌మత్, ప్లిమత్, చాతమ్‌లలో నౌకాదళ స్మారక స్తంభాలూ ఆయనవే.

ఎడిన్‌బరా కోటలోని స్కాటిష్ జాతీయ యుద్ధ స్మారకం మొదటి డిజైను కోట రూపురేఖను పాడుచేస్తుందని గొడవ జరిగింది. పట్టు పట్టకుండా మార్చి, పాత బ్యారక్ భవనాన్నే వాడుకున్నాడు. 1927 జులై 14న తెరిచారు. లోపల గర్భగుడి లాంటి భాగంలో కొండరాయి నేలను చీల్చుకుని పైకి వస్తుంది. దాన్ని చదును చేయించకుండా అలాగే వదిలేశాడు, పేర్ల పట్టీలున్న పెట్టె దాని పైన ఉంది. గోడ మీద సొరంగాలు తవ్విన సైనికులకు తోడున్న ఎలుకలూ కెనరీ పిట్టల శిల్పం కూడా ఉంది, తప్పకుండా చూడండి.

1929 సెప్టెంబరు 13న, 64 ఏళ్ళ వయసులో ఎడిన్‌బరాలో చనిపోయాడు. ఆఫీసును భాగస్వామి జాన్ మాథ్యూ నడిపాడు.

మీకు నేను చెప్పే వరుస: మొదటి రోజు థిజిల్ చాపెల్, స్మారకం. ఇంకో రోజు కాలింటన్. తర్వాత రైల్లో క్యూపర్ దిగి హిల్ ఆఫ్ టార్విట్, వీలైతే అక్కడి నుంచి కెల్లీ. ఈ రెండూ నేషనల్ ట్రస్ట్ ఫర్ స్కాట్లాండ్ చేతిలో ఉన్నాయి, చలికాలంలో ఇళ్ళు మూసే రోజులు ఎక్కువ కాబట్టి ముందే చూసుకోండి. ఎర్ల్‌షాల్ ప్రైవేటు. థీసిస్ చేసే ఆలోచన ఉంటే హిస్టారిక్ ఎన్విరాన్‌మెంట్ స్కాట్లాండ్ ఆర్కైవ్‌లో లారిమర్–మాథ్యూ ఆఫీసు డ్రాయింగుల సేకరణ ఉంది. ఏ ఇంటి డ్రాయింగులు కావాలో ముందే తేల్చుకుని, అపాయింట్‌మెంట్ తీసుకుని వెళ్ళండి.