తండ్రి సంతకం లేకుండా పాపతో విదేశయానం

ప్రశ్న: మాది నెల్లూరు, పదేళ్ళుగా బెంగళూరులోని మారతహళ్ళిలో ఉంటున్నాను. మూడేళ్ళ క్రితం విడాకులు మంజూరై, ఏడేళ్ళ మా పాప సంరక్షణ నాకు దక్కింది. సెలవుల్లో జర్మనీలో ఉన్న మా అక్క ఇంటికి వెళ్ళాలంటే తండ్రి సంతకం తప్పనిసరా? ఆయనతో మాటలు లేవు. — ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, పాస్‌పోర్టుకు ఆ సంతకం లేకపోయినా దారి ఉంది. తల్లిదండ్రులిద్దరూ సమ్మతించినప్పుడు దరఖాస్తుతో ఇచ్చే ప్రకటనపత్రం అనుబంధం (అనెక్షర్) 'డి'. మీరు అనుబంధం 'సి'లో కారణం రాసి, తీర్పు నకలు జతచేయాలి. 2016 డిసెంబరు సవరణల తరువాత దరఖాస్తులో తల్లిదండ్రులలో ఒకరి పేరు ఇచ్చినా సరిపోతుంది.

అసలు జాగ్రత్త వీసా దగ్గర కావాలి. జర్మనీకి కావలసిన షెంగెన్ వీసాకు (పలు ఐరోపా దేశాల ఉమ్మడి వీసా) తల్లిదండ్రులలో వెంట రాని వారి సమ్మతిపత్రం అడుగుతారు. సంరక్షణ పూర్తిగా మీదే అయితే దాని స్థానంలో తీర్పు చూపవచ్చు. అందుకే ఈ రోజే ఆ తీర్పు తీసి, చివరి పేజీలలోని ఆదేశాలను ఒక్కొక్క వాక్యంగా చదవండి. తండ్రికి పాపను చూసే హక్కు ఇచ్చారా, కోర్టు అనుమతి లేకుండా దేశం దాటించరాదన్న షరతు ఉందా అన్నది అక్కడే తేలుతుంది. అటువంటి షరతు ఉంటే టికెట్లు కొనకముందే మీ న్యాయవాది ద్వారా అదే కోర్టులో అనుమతి కోరండి. ఈ ఒక్క విషయంలో ఉపేక్ష వద్దని మిమ్మల్ని మరీ మరీ కోరుతున్నాను.

జిరాక్సు కాక, కోర్టు ముద్ర ఉన్న ధృవీకృత నకలు తీసుకోండి. తీర్పు కన్నడంలో ఉంటే ఆంగ్లానువాదం చేయించండి. పాప ఇంటిపేరు మీ పాస్‌పోర్టులోని దానితో కలవకపోతే జనన ధృవీకరణపత్రమే మీ బంధుత్వానికి రుజువు. ఈ కాగితాలన్నీ పెద్ద పెట్టెలో కాక, చేతిసంచిలో ఉంచుకోండి.