తమ్ముడితో మాత్రలు మాన్పించడానికి గదిలో పెట్టి తాళం వేయొచ్చా?

ప్రశ్న: మా తమ్ముడికి 24 ఏళ్లు. నడుంనొప్పికి డాక్టర్ రాసిన ట్రమడాల్ 50 మిల్లీగ్రాముల మాత్రలు ఏడాదైనా మానలేక, రోజుకు పది దాకా మింగేవాడు. రాత్రి నిద్రకు అల్ప్రజోలం కూడా. రెండు నెలల కిందట నాన్న గదిలో పెట్టి తాళం వేసి మాన్పించారు. నరకం చూసి తేరుకున్నాడు. ఇప్పుడు మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారీ అదే చేద్దామంటున్నారు నాన్న. ఏం చేయాలి?

జవాబు: వద్దమ్మా, ఆ తాళం జోలికి మళ్లీ వెళ్లొద్దు. కొడుకు కళ్లముందే పాడైపోతుంటే ఏ తండ్రీ చూస్తూ ఊరుకోలేడు, నాన్నగారి బాధ నాకు అర్థమవుతోంది, కానీ ఈ పద్ధతి ప్రాణం మీదికి తెస్తుంది.

ట్రమడాల్ ఆపితే ఒళ్లునొప్పులు, చెమటలు, ముక్కు కారడం, విరేచనాలతో వారం పదిరోజులు నరకంలాగే ఉంటుంది, అయినా చాలామంది గట్టెక్కుతారు. అల్ప్రజోలం అలా కాదు. రోజూ వాడుతున్నవాళ్లు దాన్ని ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావొచ్చు, ప్రాణమే పోవచ్చు. డాక్టర్ చూస్తుండగా వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గించాల్సిన మందు అది.

నాకు ఇంకా ఎక్కువ భయం వేస్తున్నది మళ్లీ మొదలుపెట్టాడన్న మాటకే. కొన్ని వారాలు మానేస్తే శరీరానికి ఆ మందును తట్టుకునే శక్తి తగ్గిపోతుంది, మనసులో కోరిక మాత్రం అలాగే ఉంటుంది. దాంతో పాత అలవాటు కొద్దీ అన్నే మాత్రలు వేసుకుంటారు, మత్తుమందులకు అలవాటుపడినవాళ్లలో చాలామంది చనిపోయేది సరిగ్గా ఇలాంటప్పుడే. ట్రమడాల్ రోజుకు 400 మిల్లీగ్రాములు దాటకూడదు, పది మాత్రలంటే 500. దానికే ఫిట్స్ రావొచ్చు, అల్ప్రజోలమో మద్యమో తోడైతే నిద్రలోనే ఊపిరి ఆగిపోవచ్చు. తట్టినా లేవకపోయినా, గురక వింతగా వస్తున్నా, పెదాలు నీలంగా మారినా, పడుకున్నాడులే అనుకోకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి వెంటనే అంబులెన్స్ పిలవండి. ట్రమడాల్ లాంటి మందులకు నలాక్సోన్ అనే విరుగుడు ఉంది, సమయానికి ఇస్తే ఊపిరి తిరిగి అందుకోవచ్చు.

మళ్లీ మొదలుపెట్టాడని అతన్ని తిట్టకండి, ఇది మొండితనం కాదు, జబ్బు. సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్లండి. అవసరమైతే బ్యూప్రినార్ఫిన్ ఇస్తారు, అది కోరికను అదుపులో ఉంచుతుంది, కొందరికి నెలలు, ఏళ్లు కూడా వాడాల్సి వస్తుంది. ఒక మత్తు మాన్పించి ఇంకోటి అలవాటు చేస్తున్నారని ఇంట్లో అనొచ్చు, ఆ మాట విని మధ్యలో ఆపేసినవాళ్లే మళ్లీ పాత మాత్రలకు వెళ్తుంటారు. నడుంనొప్పికి కూడా విడిగా వైద్యం చేయించాలి, అది తగ్గకపోతే మాత్ర మళ్లీ గుర్తొస్తూనే ఉంటుంది.

రేపే వెళ్లండి. అప్పటిదాకా మాత్రలు మీ దగ్గర పెట్టుకోండి, అల్ప్రజోలం మీ అంతట మీరు పూర్తిగా ఆపేయొద్దు, మగతగా ఉంటే మాత్రం అసలు ఇవ్వొద్దు. ఖాళీ స్ట్రిప్పులతో సహా అన్నీ పట్టుకెళ్లండి, డిప్రెషన్‌కు మందులేమైనా వాడుతుంటే అదీ దాచకుండా చెప్పండి, వాటిలో కొన్ని ట్రమడాల్‌తో పడవు.